కంటికి అందని స్వర్ణయుగం: హైదరాబాదు ఫుట్‌బాలు, టెలివిజను

‘దూరదర్శి’ అనే మాటను అమరకోశం పండితునికి పర్యాయపదాలలో ఒకటిగా చేర్చింది. రాబోయేదానిని ముందుగా చూడగలవాడని భావం. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ మాటకు చెల్లెలి వరుసైన ‘దూరదర్శన్’ ఇంటింటి పెట్టెకు పేరైంది. దానితో పాండిత్యం అక్కరలేకుండానే ప్రతివాడూ దూరదర్శి అయినాడు. ఆ పెట్టెకూ, అందులో మనం చూచే ఫుట్‌బాలుకూ మన హైదరాబాదులో ఉన్న చుట్టరికం చిత్రమైనది. ఆ చుట్టరికపు చరిత్రను కొంచెం వివరంగా చెప్పుకోవలసి ఉన్నది.

ఇంగ్లాండులో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యే ఆట శీతకాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. అది సరిగ్గా భోజనాల వేళ. మా నల్లగండ్లలో చెరువు చుట్టూ లేచిన అపార్టుమెంట్లలో ఆ వేళకు ఎన్నో గోడల మీద పచ్చని మైదానాలు వెలుగుతాయి. ఐ.టి. కొలువుల యువకులు కంచం ఒడిలో పెట్టుకొని లివర్‌పూల్ ఎడమ పక్క ఆడేవాని లోపాలు విచారిస్తూ ఉంటారు. వారికి మాంచెస్టరులో ఏ జట్టు మైదానం ఏ పక్కన ఉన్నదో తెలుసు. ఇదే నగరంలో, చాదర్‌ఘాట్ బడిలో పాఠాలు చెప్పిన ఒక పంతులు భారతదేశాన్ని ఒలింపిక్సులో నాలుగవ స్థానానికి చేర్చిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అది వారి తప్పు కాదు. ఎవరూ వారికి చూపలేదు. చూపడానికి మన దగ్గర చిత్రమూ లేదు.

హైదరాబాదు గొప్పగా ఆడిన రోజులలో చూపించే యంత్రం లేదు. యంత్రం అద్భుతంగా చూపించే రోజులు వచ్చేసరికి చూపించడానికి హైదరాబాదు ఆట అంతగా మిగలలేదు. రెండూ ఎక్కడ తప్పిపోయాయో వరుసగా చూద్దాం.

బడిపంతులు రహీం

ఫుట్‌బాలు మన దేశానికి ఆంగ్లేయ సైనికులతో వచ్చింది. సికింద్రాబాదు, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంటు ప్రాంతాలలో పల్టనులు ఆడుతుంటే గోడల మీదినుండి చూచిన పిల్లలు బట్టల ఉండలతో, తర్వాత రబ్బరు బంతులతో ఆడుకొన్నారు. చూచి నేర్చుకోవడం అనే మాట ఈ చరిత్రలో మళ్ళీ వస్తుంది కనుక పాఠకులు దానిని గుర్తు పెట్టుకోవాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి ఉపాధ్యాయులైనారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పని చేశారు. శారీరక విద్యలో శిక్షణ పొంది పిల్లలను ఆటలకు తీసికొనిపోయారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950 నుండి 1963లో మరణించేవరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు.

ఆయన బోధనా పద్ధతి బడిపంతులు పద్ధతే. డ్రిబ్లింగు చేయకూడదనే నిబంధనతో పోటీలు పెట్టేవారు. అంటే బంతి కాలికి తగిలిన వెంటనే తోటివానికి అందించవలసిందే. బలహీనమైన కాలితోనే తన్నాలనే నిబంధనతో మరొక పోటీ. ఐదడుగులకంటె పొట్టివారికి ప్రత్యేకంగా ఇంకొకటి. ఎడమచేతితో అక్షరాలు దిద్దించినట్లు ఎడమకాలితో బంతి దిద్దించారన్నమాట. ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క అభ్యాసం కల్పించి, ఆ అభ్యాసాన్నే ఆటగా మార్చి, పిల్లవాడికి తాను దిద్దుబాటులో ఉన్నానని తెలియకుండానే దిద్దడం ఉత్తమ ఉపాధ్యాయుని లక్షణం. బోధన వృత్తిగా బ్రతికిన ఎవరికైనా ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

ఫలితాలు కూడా వెంటనే వచ్చాయి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు గెలిచింది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957లలో గెలిచింది. రాష్ట్రం మారి ఆంధ్ర పోలీసు అన్న పేరుతో 1961లో మరొకసారి గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58లలో వరుసగా అందుకొన్నది. ఆంధ్రప్రదేశ్ పేరున 1965-66లో ఆ ట్రోఫీ మళ్ళీ వచ్చింది. కలకత్తా జట్లకు మూడు పూటలా ఫుట్‌బాలే భోజనమైన కాలంలో దక్కనునుండి పోయిన పోలీసు కానిస్టేబుళ్ళు ఈ పని చేశారు.

ఆ కాలపు పిల్లలలో తులసీదాస్ బలరామ్ ఒకరు. 1936లో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో, తమిళ కుటుంబంలో పుట్టారు. బూట్లు కొనే స్తోమత లేక పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టేవానిచేత బాగుచేయించుకొని ఆడినట్లు ఆయనే తర్వాత చెప్పుకొన్నారు. సాధనకు హైదరాబాదుదాకా రావడానికి డబ్బు లేదంటే రహీం గారు సైకిలు అద్దెకని రోజుకొక రూపాయి ఇచ్చారట. ఆ రూపాయి పెట్టుబడితో తయారైన బాలుడు రోము ఒలింపిక్సులో హంగరీమీద గోలు చేశాడు.

మెల్బోర్నులో ఏం జరిగిందో ఎవరు చూచారు?

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో పరాజయం. మనవారిలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. రహీం ఆ ఓటమిని ఒడ్డున నిలబడి తన కళ్ళతో చూచారు. యూరపువారు బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నారో, ఎటు పరుగెత్తుతున్నారో గమనించారు. తర్వాత జట్టుకు బూట్లు తప్పనిసరి అయినవి. ఆట అమరిక కూడా మారింది.

నాలుగేళ్ళకు మెల్బోర్ను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్బోర్నులో భారత జట్టు ఆతిథేయి ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశాడు. డిసెంబరు 4న సెమీఫైనలులో యుగొస్లావియామీద మొదటి గోలు మనదే. తర్వాత వారు నాలుగు చేసి గెలిచారు. డిసెంబరు 7న కాంస్య పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. భారతదేశానికి నాలుగవ స్థానం దక్కింది. ఒలింపిక్సు ఫుట్‌బాలులో మన దేశం ఆ మెట్టు మళ్ళీ ఎక్కలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ మొదలైన హైదరాబాదువారు చాలామందే ఉన్నారు. కొత్త రాష్ట్రం పుట్టిన నెలలోనే రాష్ట్ర రాజధాని కుర్రవాళ్ళు ప్రపంచపు మేటి నాలుగు జట్లలో నిలబడ్డారు.

దీనిని హైదరాబాదులో ఎవరు చూచారు? ఎవరూ చూడలేదు. ఆస్ట్రేలియాలో టెలివిజను ఆ సంవత్సరమే, ఒలింపిక్సుకు కొద్ది వారాల ముందే మొదలైంది. మెల్బోర్ను పౌరులు దుకాణాల అద్దాల ముందు నిలబడి క్రీడలు చూచారు. భారతదేశంలో టెలివిజను ప్రయోగం ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైంది. హైదరాబాదుకు అది రావడానికి మరో పద్దెనిమిదేళ్ళు పట్టింది. మనవారికి అందినవి మరునాటి పత్రికలోని నాలుగు వాక్యాలు, రేడియోలో వార్త, ఎప్పుడో సినిమాకు ముందు వేసే వార్తాచిత్రంలో కొన్ని క్షణాలు.

భారత కథలో సంజయుడు దివ్యదృష్టితో చూచి చెబితే ధృతరాష్ట్రుడు విన్నాడు. దానిని ప్రత్యక్ష ప్రసారమని మన ఉపన్యాసకులు చమత్కరిస్తుంటారు. నిజానికి సంజయుడు యుద్ధభూమినుండి వచ్చి మొదట చెప్పిన వార్త పదవనాటి భీష్మపతనం. అంటే తొలి పది రోజుల కథ ఆలస్య ప్రసారమే! హైదరాబాదు ఫుట్‌బాలుకు ఆ పాటి సంజయుడు కూడా దొరకలేదు.

1960 రోము ఒలింపిక్సులో హంగరీతో 2-1, పెరూతో 3-1 తేడాతో ఓడినాం. ఫ్రాన్సుతో 1-1గా సమంగా నిలిచాం. హంగరీమీదా పెరూమీదా మన గోలులు రెండూ బలరామ్‌వే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ స్వర్ణం రెండవసారి గెలిచాం. ప్రదీప్ కుమార్ బెనర్జీ, జర్నైల్ సింగ్ గోలులు చేశారు. హైదరాబాదుకు చెందిన పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరామ్ ఆ బృందంలోనివారే. అప్పటికే రహీం గారిని కాన్సరు పట్టుకొన్నది. 1963 జూన్ 11న ఆయన మరణించారు. భారత ఫుట్‌బాలు ఏషియన్ గేమ్స్‌లో ఆ తరువాత స్వర్ణం ముఖం చూడలేదు. 1970లో బ్యాంకాకులో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, ముందు వరుసలో మహమ్మద్ హబీబ్, ఇద్దరూ హైదరాబాదువారే. ఆ హబీబే 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో పేలే ఆడిన కాస్మాస్ జట్టుమీద మోహన్ బగాన్ పక్షాన గోలు చేశాడు. ఆట 2-2తో ముగిసింది.

ఇంతమంది పేర్లు చెప్పడంలో ఒక ఉద్దేశం ఉన్నది. బలరామ్, హబీబ్, నయీముద్దీన్ ముగ్గురూ కలకత్తా పోయి పేరు తెచ్చుకొన్నారు. అక్కడ మైదానంనిండా ప్రేక్షకులు ఉన్నారు, పత్రికలు ఉన్నాయి, చూచే కళ్ళు ఉన్నాయి. ఆటగాడు కూలికి మాత్రమే కాక కళ్ళకోసం కూడా వలస పోతాడు.

గాజు పెట్టె తయారైనది కూడా ఇక్కడే

ఇక రెండవ పాయ. 1967లో హైదరాబాదులో డాక్టర్ ఎ. ఎస్. రావు గారి నాయకత్వంలో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడింది. అణుశక్తి శాఖకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు దాని ప్రధాన బాధ్యత. అయినా సామాన్య గృహస్థుడికి ఆ సంస్థ ‘ఇ.సి. టీవీ’తోనే తెలుసు. ఆ నలుపు తెలుపుల పెట్టె ఒకనాడు దేశమంతటా మధ్యతరగతి ఇళ్ళ ముందుగదులకు అలంకారం.

1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికావారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజను పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పంచాయతీ ఆవరణలోనో బడిలోనో పది అడుగుల వెడల్పున కోళ్ళగూటి జాలివంటి తీగ జాలితో చేసిన గొడుగు నిలబెట్టి, దానికింద పెట్టె పెట్టేవారు. ఆ పెట్టెలను తయారుచేసినది మన ఇ.సి.ఐ.ఎల్. లండనులో, న్యూయార్కులో గృహస్థులు ఉపగ్రహంనుండి నేరుగా చిత్రం అందుకోకముందే తెలుగు పల్లెలోని రైతు అందుకొన్నాడు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు అందులోని ముఖ్య విషయాలు. ఆటకు అందులో చోటు తక్కువ.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. పేలే కలకత్తాకు వచ్చిన సంవత్సరం అదే. సాయంత్రం కొన్ని గంటల ప్రసారం, ఆ తరువాత తెరమీద చుక్కల వాన. 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారం ఆరంభమైంది. ఆ నవంబరులో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ వచ్చాయి. మన ఫుట్‌బాలు జట్టు క్వార్టర్ ఫైనలులో సౌదీ అరేబియా చేతిలో 1-0తో ఓడింది. రంగులు వచ్చేసరికి ఆట వెలిసిపోవడం మొదలైందన్నమాట.

1986: తెల్లవారుజాము మెక్సికో

తెలుగు మధ్యతరగతికి ప్రపంచ ఫుట్‌బాలును పరిచయం చేసిన సంవత్సరం 1986. మెక్సికోలో మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆట మొదలైతే మనకు రాత్రి పదకొండున్నర. సాయంత్రం నాలుగింటి ఆట మనకు తెల్లవారుజామున మూడున్నర. జూన్ 22న అర్జెంటీనా, ఇంగ్లాండులమధ్య జరిగిన ఆటలో మారడోనా చేతితో ఒక గోలు, పాదంతో ఒక గోలు చేశాడు. పాదంతో చేసినది లోకోత్తరం, చేతితో చేసినది లోకాపవాదం. నాలుగు నిమిషాల వ్యవధిలో ఒకే మనిషిలో రెండూ కనిపించాయి. జూన్ 29న పశ్చిమ జర్మనీమీద 3-2తో అర్జెంటీనా కప్పు గెలిచింది.

వీధికి రెండు మూడు పెట్టెలున్న కాలం అది. ఆటకు పిలుపు లేకుండానే ఇరుగుపొరుగులు వచ్చేవారు. చాపలు పరిచేవారు. గాలి వీస్తే మేడమీద యాంటెనా తిరిగిపోయేది. ఒక కుర్రవాడు పైన నిలబడి తిప్పుతుంటే కిందినుండి మరొకడు ‘వచ్చింది, పోయింది, కొంచెం ఎడమకు’ అని అరుస్తూ ఉండేవాడు. పైనున్నవాడికి ఆట కనబడేది కాదు, అతని త్యాగంవల్ల తక్కినవారికి కనబడేది. ఇంతా చేసి ఆ బొమ్మలో బంతి ఎక్కడున్నదో సగం ఊహ. ఆటగాళ్ళ కదలికనుబట్టి బంతిని అనుమాన ప్రమాణంతో నిశ్చయించుకొనేవాళ్ళం. పొగనుబట్టి నిప్పును ఊహించినట్లు.

1990ల తొలినాళ్ళలో కేబులు వచ్చింది. తర్వాత క్రీడల కొరకే ఛానళ్ళు వచ్చాయి. నాలుగేళ్ళకొకసారి వచ్చే పండుగ కాస్తా వారంవారం తద్దినంలా తప్పనిసరి అయింది.

చుక్కల లెక్క

ఫుట్‌బాలుకు స్పష్టత ఎందుకంత అవసరమో అంకెలతో చూస్తే తేలికగా తెలుస్తుంది. మన పాత టెలివిజను చిత్రంలో 625 అడ్డగీతలు. వాటిలో కంటికి కనిపించేవి 576. అంకరూపంలో చెబితే అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4,14,720 చుక్కలు. హెచ్.డి. అని మనం వ్యవహరించే దానిలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080, మొత్తం 20,73,600 చుక్కలు. సరిగ్గా ఐదు రెట్లు.

మైదానం పొడవు సాధారణంగా 105 మీటర్లు. కెమెరా అందులో యాభై మీటర్ల మేర చూపిస్తున్నదనుకొందాం. బంతి అడ్డుకొలత సుమారు 22 సెంటీమీటర్లు. పాత చిత్రంలో మీటరుకు పద్నాలుగు చుక్కలకు కాస్త ఎక్కువ, అంటే బంతికి దక్కేవి అడ్డంగా మూడు చుక్కలు. హెచ్.డి.లో మీటరుకు ముప్ఫై ఎనిమిది, బంతికి ఎనిమిది. మూడు చుక్కల బంతి గడ్డిలో కలిసిపోతుంది, ఎనిమిది చుక్కల బంతి గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. క్రికెటులో బంతి వేసేవాడినీ కొట్టేవాడినీ దగ్గరగా చూపితే కథ సాగిపోతుంది. ఫుట్‌బాలులో అసలు కథ బంతికి దూరంగా ఉన్న ఇరవైమంది కదలికలో ఉన్నది. కనుక దూరంనుండి చూపాలి. దూరంనుండి చూపినా స్పష్టంగా కనబడాలి. తెర కొలతలు కూడా 4:3నుండి 16:9కి మారి వెడల్పయినవి. వెడల్పైన ఆటకు వెడల్పైన కిటికీ దొరికింది.

మన దేశంలో ఇది ఇళ్ళకు చేరడం 2010 ప్రాంతంలో మొదలైంది. ఆ ఏడు దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్పు, అక్టోబరులో ఢిల్లీలో కామన్‌వెల్త్ క్రీడలు జరిగాయి. కామన్‌వెల్త్ క్రీడలతో దూరదర్శన్ కూడా హెచ్.డి. ప్రసారం మొదలుపెట్టింది. కేబులును అంకరూపంలోకి మార్చే రెండవ దశలో 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు పెట్టారు. వాటిలో హైదరాబాదు, విశాఖపట్నం ఉన్నాయి. యాంటెనా తిప్పే కుర్రవాడికి అప్పటికి పూర్తిగా విముక్తి.

కొత్త సౌఖ్యంతో ఒక కొత్త వింత కూడా వచ్చింది. భూస్థిర ఉపగ్రహం ఉన్నది 36,000 కిలోమీటర్ల ఎత్తున. సంకేతం పోయి రావడానికి పావు సెకను చాలు. చిత్రాన్ని కుదించి విప్పడానికి మరికొన్ని సెకన్లు పడతాయి. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే చిత్రమైతే ఇంకా వెనుకబడుతుంది. అందువల్ల 2022 డిసెంబరు 18 రాత్రి అర్జెంటీనా, ఫ్రాన్సుల ఫైనలు జరుగుతున్నపుడు మా అపార్టుమెంటులో ఒక ఇంటి కేక మరొక ఇంటి గోలుకంటె ముందే వినబడింది. 3-3గా ముగిసి పెనాల్టీలలో 4-2తో తేలిన ఆ ఆటలో ప్రతి గోలూ ఈ మేడలలో రెండు మూడుసార్లు జరిగింది. ఒకప్పుడు వీధికంతటికీ ఒకే పెట్టె, ఒకే కేక. ఇప్పుడు ఇంటికొక తెర, తెరకొక కాలం.

గచ్చిబౌలిలో ఆరేళ్ళు

నల్లగండ్లనుండి హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కగా పోతే గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం వస్తుంది. 2002 జాతీయ క్రీడల నాటిది. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది. ఫుట్‌బాలు ఫైనలులో భారత జట్టు ఉజ్బెకిస్తాను చేతిలో 1-0తో ఓడి రజతం అందుకొన్నది.

2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే జట్టు ఏర్పడి ఇండియన్ సూపర్ లీగులో ఆడసాగింది. దాని సొంత మైదానం ఇదే. రెండు పాయలూ చివరకు ఇక్కడ కలుస్తాయని ఆశ కలిగింది. మన ఊరి జట్టు, మన ఇంటి పక్క మైదానం, మన గోడమీద హెచ్.డి. చిత్రం. విధి వేరుగా తలచింది. కరోనావల్ల 2020-21, 2021-22 సీజనుల ఆటలన్నీ గోవాలోనే జరిపారు. 2022 మార్చి 20న ఫతోర్దా స్టేడియంలో కేరళ బ్లాస్టర్సుతో ఫైనలు. ఎనభై ఎనిమిదవ నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో ఆట 1-1 అయింది. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా హైదరాబాదు 3-1తో గెలిచింది.

ఇందులోని విచిత్రం గమనించారా? జట్టు జాతీయ విజేత అయిన ఏడాదిలో హైదరాబాదు గడ్డమీద ఒక్క ఆట కూడా ఆడలేదు. 1956లో మెల్బోర్ను విజయాన్ని నగరం చూడలేదు, చదివింది. 2022లో గోవా విజయాన్ని నగరం చాలా స్పష్టంగా చూచింది, కానీ తెరమీదనే చూచింది. రెండుసార్లూ విజయం మరొక ఊళ్ళో జరిగింది.

తర్వాతి సీజనులో జట్టు గచ్చిబౌలికి తిరిగివచ్చి బాగానే ఆడింది. 2023-24లో ధనపు ఇబ్బందులు ముదిరి పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకొన్నది. ఆరేళ్ళ ముచ్చట. ఈలోగా 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు ఇక్కడ జరిగింది. భారత జట్టు మారిషస్‌తో గోలు లేకుండా ముగించి, సిరియా చేతిలో 3-0తో ఓడింది. అదే ఏడు డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనలులో బెంగాలు కేరళను 1-0తో ఓడించింది. ఒకనాడు ఆ ట్రోఫీని గెలిచిన నగరం ఈనాడు దానికి విడిది ఇచ్చింది. అతిథికి కుర్చీ వేయడం కూడా మర్యాదే. కానీ మన పిల్లవాడు ఆ పందిరిలో పెళ్ళికొడుకుగా కూర్చోలేదు.

పూర్తిగా ఎండిపోలేదని కూడా చెప్పాలి. శ్రీనిధి దక్కన్ అనే జట్టు 2021లో ఐ-లీగులో చేరి మంచి స్థానాలు సాధించింది. నిజామాబాదు ప్రాంతపు తండానుండి వచ్చిన గుగులోతు సౌమ్య దేశం తరఫున ఆడి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టులో కూడా చేరింది. బలరామ్‌కు అందని దూరాలు ఆ అమ్మాయికి అందాయి.

చూపు, అడుగు

టెలివిజనే మైదానాన్ని మింగిందని కొందరు పెద్దలు అంటుంటారు. నాకు ఆ మాట సమ్మతం కాదు. హైదరాబాదు ఫుట్‌బాలు క్షీణత 1960ల చివరనుండే కనబడుతుంది. అప్పటికి ఇక్కడ టెలివిజనే లేదు. గురువు పోయిన తరువాత ఆ గురుపీఠాన్ని నిలిపే ఏర్పాటు జరగలేదు. మంచి ఆటగాళ్ళు కలకత్తా పోయారు. క్రికెటు పెరిగింది. అన్నిటికంటె ముఖ్యంగా, ఆడే నేల తగ్గింది. పోలీసు శాఖవారి గోషామహల్ మైదానంలో 2025 జనవరిలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనలేరు. ప్రతిసారీ ఒక న్యాయమైన అవసరానికి మైదానమే స్థలం ఇవ్వవలసి వస్తున్నది, అంతే. కొత్తగా కట్టిన మా ప్రాంతంలో పిల్లలు గంటకింత అని చెల్లించి, వలలు కట్టిన కృత్రిమ గడ్డిమీద దీపాల వెలుగులో ఆడుతున్నారు. అది కూడా ఆటే. అయితే బలరామ్‌కు రహీం గారు ఇచ్చిన రూపాయి సైకిలుకు. మైదానానికి అద్దె లేదు.

పైగా చూపు విద్యకు శత్రువు కాదు. కంటోన్మెంటు గోడమీద కూర్చున్న పిల్లవాడు చూచే నేర్చుకొన్నాడు. హెల్సింకిలో రహీం చూచే నేర్చుకొన్నారు. ఆయన సముద్రాలు దాటి ఒక్కసారి చూచినదానిని ఈనాటి పిల్లవాడు పది కోణాలనుండి, నెమ్మదిగా తిప్పి తిప్పి చూడగలడు. ‘ప్రేక్షకుడు’ అనే మాటలో ఉన్నది ఈక్షించడం, దానికి ముందు ‘ప్ర’ అనే ఉపసర్గ. బాగా, విశేషంగా చూచేవాడని అర్థం. హెచ్.డి. తెర మనలను మాటకు తగిన ప్రేక్షకులను చేయగలదు. గోడమీది పిల్లవాడు చూపు ముగియగానే గోడ దూకి నేలమీద ఆడాడు. మనం కల్పించవలసినది ఆ దూకే నేలనే.

రహీం గారి జీవితం ఆధారంగా తీసిన ‘మైదాన్’ హిందీ చలనచిత్రం 2024 ఏప్రిలులో వచ్చింది. జకార్తా ఫైనలును నటులతో మళ్ళీ ఆడించి చూపారు. అరవై ఏళ్ళ తరువాత మన విజయాన్ని మనం మొదటిసారి పెద్ద తెరమీద స్పష్టంగా చూచాం, అది నటన అయినా సరే.

ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు ఒక చిన్న సూచన చేసి ముగిస్తాను. శనివారం రాత్రి పిల్లలతో కలిసి ఇంగ్లాండు ఆట చూడండి, తప్పు లేదు. విరామ సమయం పదిహేను నిమిషాలు ఉంటుంది. ఆ పదిహేను నిమిషాలలో రహీం పేరు, బలరామ్ పేరు, 1956 డిసెంబరు 1 అనే తేదీ చెప్పండి. ఆదివారం ఉదయం వారిని తీసికొని బయటికి పోయి, బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలనే పోటీ పెట్టండి. దానికి తెర అక్కరలేదు. ఒక బంతి, కొంచెం ఖాళీ నేల చాలు.